అరవై గజాల పడుగు, పది అడుగుల గది

గోదారి పొంగి మా మగ్గం గుంటల్లో చేపలు ఈదిన ఏడాది నుంచి లెక్కపెడితే నాలుగో ఏట జరిగింది ఇది. మా మడుగులంకలో ఏళ్ళను అలాగే లెక్కపెడతాం. ఫలానా పిల్ల వరదకు ముందు పుట్టింది, ఫలానా ఇంటికి వరద తర్వాత పెంకు మార్చారు అంటాం. క్యాలెండర్లు గోడలకు ఉంటాయి. వాటి మీద పాల లెక్క రాస్తారు.

ఆ వరదలో నా మగ్గం గుంట, అంటే నేసేవాడు కాళ్ళు దింపుకుని కూచునే గొయ్యి, ఇసకతో పూడిపోయింది. అటక మీద ఉన్న ఒక్క పడుగు మాత్రం మిగిలింది. పడుగంటే బట్టకు నిలువు దారాలు. అరవై గజాల పొడవు, రెండు వేల పైచిలుకు పోగులు. మా ఆవిడ తను పోయే ముందు ఆసు పోసి పోగులు పేర్చిన పడుగది. నేద్దామంటే మగ్గం లేదు. ఇంకొకరికి ఇద్దామంటే చెయ్యి రాలేదు. అటక మీదే ఉంచాను.

నీళ్ళు తీశాక పెద్దలొచ్చి మీకేం కావాలని అడిగారు. మగ్గాలు కావాలన్నాం. రాసుకుని వెళ్ళారు. రెండేళ్ళకు మా వీధి చివర మూడు గదుల డాబా లేచింది. దాని మీద 'ప్రాంతీయ దీర్ఘాణు పరిశోధనా ఉపకేంద్రము' అని బోర్డు పెట్టారు. మగ్గానికి దారం కావాలి, దారానికి గంజి కావాలి, గంజిలో పొడుగాటి అణువులుంటాయి, కాబట్టి ముందు అణువుల సంగతి తేలాలన్నారు. అలా మా ఫైలు మగ్గం దగ్గర బయల్దేరి, దారం మీదుగా నడిచి, గంజిలో పడి, అణువులోకి దిగింది. మళ్ళీ పైకి రాలేదు.

నాకు అందులో గంజి కాచే పని ఇచ్చారు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ గంజి కాచినవాణ్ణి, అందరికంటే తక్కువ మాట్లాడేవాణ్ణి నేనేనని సూపరింటెండెంటు భీమశంకరం గారు సిఫార్సు చేశారు.

ఉపకేంద్రానికి అధిపతి డాక్టర్ త్రివిక్రమరావు గారు. మనిషి నిండుగా ఉంటారు. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనబడదు. ఆయన కింద పంతొమ్మిది మంది. వాళ్ళలో పనంటూ చేసేది సువార్త గారొక్కరే. రాజోలు వైపు అమ్మాయి. నన్ను తాతా అంటుంది, నేను అమ్మాయిగారూ అంటాను.

ఒకరోజు నేను కాచిన గంజిని గాజు గొట్టంలో పోసి వెలుతురుకు పట్టి చూపించింది.

"ఇందులో ఏముందో చెప్పు తాతా."

"గంజి."

"గంజిలో?"

"బియ్యం."

"బియ్యంలో?"

ఆలోచించాను. "వడ్లు" అన్నాను.

ఆవిడ నవ్వి, నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. గంజిలో కంటికి కనబడని పొడుగాటి గొలుసులుంటాయట, మా పడుగులో పోగుల్లాగా. నచ్చిన నీళ్ళలో ఉంటే అవి కాళ్ళూ చేతులూ చాపుకుంటాయట. నచ్చని దాంట్లో పడితే ఉండ చుట్టుకుంటాయట. చుట్టూ ఇతరులు కిక్కిరిసి నిలబడినా ముడుచుకుంటాయట.

"రాజోలు బస్సులో లాగా" అన్నాను.

"అచ్చం అదే తాతా!" అని ఆ గంజిలో స్పిరిట్టు పోసింది. తేటగా ఉన్న గంజి పాలు విరిగినట్టు తెల్లగా మబ్బు కట్టింది. "చూశావా? ముడుచుకున్నాయి. కానీ ముడుచుకుందంటే పొడవు తగ్గిందని కాదు. గొలుసు గొలుసంతే ఉంటుంది. పైగా ఇలా నచ్చని చోట పక్కపక్కన పడ్డాయంటే ఒకదాన్నొకటి కరుచుకుని ఇక వదలవు. విడదియ్యాలంటే వేణ్ణీళ్ళు పోసి, చోటివ్వాలి."

ఊఁ అన్నాను. అది నాకు తెలిసిందే. పేరు తెలియదు, అంతే.

ఆవిడ ఆ సంగతంతా రాసి ఒక పత్రం తయారుచేసింది. 'రద్దీ పరిసరములలో దీర్ఘాణువుల సంకోచ వ్యాకోచములు' అని పేరు. మీద పెద్దక్షరాల్లో డాక్టరు గారి పేరు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఆవిడ పేరు పడ్డాయి.

అదే రోజుల్లో ఉపకేంద్రానికి ఇంకో నాలుగు గదులు కావాలని డాక్టరు గారు రాజధానికి రాశారు. ఒక గది ఆయనది, ఒకటి ప్రయోగశాల, మిగిలినదాంట్లో పంతొమ్మిది మంది ఇమడక సగం మంది వరండాలో కూర్చునేవారు. ఎనిమిది నెలలకు జవాబొచ్చింది. భీమశంకరం గారు అందరి ముందూ గొంతు సవరించుకుని చదివారు.

"తమ ఉపకేంద్రము ప్రచురించిన పత్రమును ప్రభుత్వము వారు కూలంకషముగా పరిశీలించిరి. రద్దీ పరిసరములలో దీర్ఘ శరీరములు సంకోచించి స్వల్ప స్థలమును మాత్రమే ఆక్రమించునని తామే నిరూపించియున్నారు. కావున అదనపు గదుల ఆవశ్యకత కానరాదు. మీదుమిక్కిలి, ఉన్న గదులలో ఒకటి మిగులుగా పరిగణించవలసియున్నది."

డాక్టరు గారి మొహం ముందు ఎర్రబడింది. తర్వాత తెల్లబడింది. ఆ తర్వాత వెలిగిపోయింది.

"భీమశంకరం గారూ, మళ్ళీ చదవండి. కూలంకషముగా అన్నారా?"

"కూలంకషముగానే అన్నారండి."

"ఇరవై మూడేళ్ళ సర్వీసులో నా కాగితం ఒక్కటి ఎవరూ చదివిన పాపాన పోలేదయ్యా! నా చెల్లెలు పెళ్ళి శుభలేఖ కూడా ఎవరూ చదవలేదు, రెండో రోజున వచ్చారు. అలాంటిది ప్రభుత్వం చదివింది! చదివి, అమలు చెయ్యమంటోంది!"

"కానీ సార్, అది అణువుల సంగతి" అంది సువార్త గారు. "అణువు వేడికి తనంతట తానే మెలికలు తిరుగుతూ ఉంటుంది కాబట్టి..."

"సిబ్బంది తిరగడం లేదా? పదకొండు గంటలకు తిరుగుతారు, మూడు గంటలకు తిరుగుతారు. మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. ఫైల్లో పెడదాం."

ఆవిడ ఇచ్చింది. పెట్టారు.

మరుసటి సోమవారం నుంచి ప్రయోగశాలకు తాళం పడింది. మిగులు గది అదేనని తేల్చారు. పంతొమ్మిది మందినీ, వాళ్ళ బల్లల్నీ, బీరువాల్నీ ఒకే గదిలో పెట్టారు. వరండాలో కూర్చోవడం శాస్త్ర విరుద్ధమన్నారు. డాక్టరు గారు మాత్రం తన గదిలోనే ఉన్నారు, ఎందుకంటే పరిశీలకుడు రద్దీకి వెలుపల ఉండాలట.

'సంకోచ రిజిస్టరు' అని ఒకటి తెరిచారు. నెలకోసారి అందరి భుజాల వెడల్పూ టేపు పెట్టి కొలవాలి. కొలిచే పని అటెండరు కొండలుది. తగ్గనివాళ్ళ ఇంక్రిమెంటు సంగతి ఆలోచించాల్సి వస్తుందని చెప్పి ఉంచారు గనక, టేపు వచ్చేసరికి అందరూ ఊపిరి బిగబట్టి, భుజాలు లోపలికి లాక్కుని, చలిజ్వరం వచ్చిన కోడిపెట్టల్లా నిలబడేవారు. మొదటి నెల సగటున అంగుళం తగ్గారు. రెండో నెల ముప్పావు. భీమశంకరం గారు మూడున్నర అంగుళాలు తగ్గి ప్రశంసాపత్రం పుచ్చుకున్నారు. పుచ్చుకున్నాక ఊపిరి వదిలారు, చొక్కా గుండీ ఎగిరి కొండలు కణతకు తగిలింది.

తర్వాత వంతు టీది. మంచి టీ తాగితే సిబ్బంది వరండాలోకి వచ్చి కాళ్ళు చాపుకుని విస్తరిస్తున్నారని డాక్టరు గారు కిటికీలోంచి కనిపెట్టారు. వెంటనే పద్నాలుగో నంబరు సర్క్యులరు వచ్చింది.

"ఉపకేంద్ర ఆవరణలో వేడిగానున్న టీ, కాఫీ, వేడినీరు మొదలగు సద్రావకములు నిషేధించడమైనది. సిబ్బందికి ఇకమీదట దుర్ద్రావకము మాత్రమే సరఫరా చేయబడును."

సద్రావకమంటే గొలుసులకు నచ్చిన నీళ్ళు, దుర్ద్రావకమంటే నచ్చనివి. మాకు వచ్చిన దుర్ద్రావకం చల్లారిన చేదు నేలవేము కషాయం. దాన్ని గుక్కెడు తాగిన మనిషి నిజంగానే ఎక్కడికక్కడ ముడుచుకుపోయాడు. ప్రయోగం ఫలించిందని రాసుకున్నారు.

ఆ తర్వాత సెలవుల గొడవ వచ్చింది. ఒకరు సెలవు పెడితే గదిలో రద్దీ తగ్గి, మిగతా పద్దెనిమిది మంది ఆ మేరకు వ్యాకోచిస్తారు కదా. అందుకని సెలవు పెట్టినవాడు తన బదులు అంతే లావు మనిషిని తెచ్చి కూర్చోబెట్టాలన్నారు. ఆ ఉద్యోగానికి 'రద్దీ పూరకుడు' అని పేరు. మా వీధిలోంచి నన్ను ఆరు రోజులు కూర్చోబెట్టారు. ఒకరోజు లావుపాటి గుమాస్తా ఒకాయన సెలవు పెడితే ఆ ఒడ్డూపొడుగుకు మా ఎదురింటి అప్పాయమ్మ మొగుడు సరిపోతాడని కొండలు వెళ్ళి పిలిచాడు. మగ్గం నేసేది అప్పాయమ్మే. ఆవిడ నోరు వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి చాలుతుంది.

"పనేంటి?" అంది.

"ఏం లేదు వదినా. సాయంత్రం దాకా ఊరికే కూచోవాలి."

"ఈ మాత్రానికి అంత దూరం ఎందుకయ్యా, ఇంట్లో సేత్తానే ఉన్నాడుగా!" అని మొగుణ్ణి పంపించేసి, నా వైపు తిరిగింది. "ఏం మావయ్యా, నువ్వైనా సెప్పకూడదా ఆళ్ళకి? అంతమంది సదువుకున్నోళ్ళు ఒక గదిలో కూకుని ముడుసుకోటమేంటి?"

"నేనేం చెప్తాను."

"అవున్లే. నీ నోట్లోంచి మాట ఊడిపడాలంటే ఇంకో వరద రావాలి."

ఇంతవరకూ మాకు నవ్వులాటగానే ఉంది. ఆ గదిలో ముడుచుకునేది వాళ్ళు. మా జోలికి రాలేదు.

వేసవి మొదట్లో ఒక పొద్దున డాక్టరు గారు ఎన్నడూ లేనిది ఏడు గంటలకే జీపులో వచ్చారు. అప్పటికి వీధి పొడుగునా అప్పాయమ్మ పడుగు చాపి ఉంది. మాకది రోజూ జరిగే పని. తెల్లవారుజామున వీధిలో అటూ ఇటూ వెదుళ్ళు పాతి, వాటి మధ్య పడుగు బిగించి, గంజి పట్టించి, పొడుగాటి కుంచెతో పోగు పోగూ విడిపోయేట్టు దువ్వుతూ ఆరబెడతాం. మంచు తేమ ఉండగా మొదలెట్టి ఎండ ముదిరేలోపు తీసెయ్యాలి. ఆ గంజి పడితేగాని దారం మగ్గం దెబ్బకు ఆగదు. వీధిలో నలభై మూడు మగ్గాలు. ఆ వీధి లేకపోతే నలభై మూడూ లేనట్టే.

డాక్టరు గారు జీపు దిగి నిలబడి ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు.

"ఎంతమ్మా ఇది?"

"అరవై గజాలండి బాబుగారూ. రవ్వంత ఆగండి, గంటలో తీసేత్తాం."

"అరవై గజాలు! ఒక్క గొలుసుకు అరవై గజాల ప్రభుత్వ స్థలం! భీమశంకరం గారూ, ఏమిటిది? ఇది దీర్ఘ గొలుసా, కాదా?"

"నిస్సందేహంగా దీర్ఘమేనండి."

"దీర్ఘ గొలుసును రద్దీలో పెడితే ఏమవుతుంది?"

భీమశంకరం గారు అలవాటుగా భుజాలు ముడుచుకున్నారు. "సంకోచిస్తుందండి."

మూడో రోజున మా గోడల మీద కాగితం అంటించారు. అంటించడానికి గంజి నేనే కాచి ఇచ్చాను.

"ఇందుమూలముగా చేనేత కార్మికులకు తెలియజేయునదేమనగా, వీధులలో పడుగులు చాచుట అశాస్త్రీయ వ్యాకోచముగా తేలినందున అట్టి పని నిషేధించడమైనది. ఇకమీదట పడుగులన్నియు ఉపకేంద్రములోని పది అడుగుల సంకోచ మందిరమునందు, తగిన రద్దీ నడుమ, తలుపులు మూసి గంజి పెట్టవలెను. ఖాళీ అగు వీధిని ఉపకేంద్ర ప్రాంగణములో కలిపివేసి ప్రహరీ నిర్మించబడును. రాజధాని నుండి సెక్రటరీ గారు స్వయముగా విచ్చేసి, తొలి పడుగు సంకోచమును తిలకించి, ప్రహరీకి శంకుస్థాపన గావించెదరు."

సంకోచ మందిరమంటే తాళం వేసిన ఆ ప్రయోగశాలే.

ఆ కాగితం చూశాక వీధిలో ఎవరూ నవ్వలేదు. అప్పాయమ్మ కూడా చాలాసేపు మాట్లాడలేదు. అలా ఆవిణ్ణి నేను రెండుసార్లే చూశాను, వరద రోజున, ఆ రోజున.

"మావయ్యా," అంది చివరికి, "తొలి పడుగు నాదే ఇవ్వాలంటన్నాడు ఆ కొండలు. వీధిలో నీదే సిద్ధంగా ఉందిగా అంటన్నాడు. ఆ గదిలో పెడితే పోగు పోగూ అంటుకుపోయి దేనికీ పనికిరాదు. ఇవ్వకపోతే మగ్గం కార్డు తీసేత్తారంట. ఏం సెయ్యను?"

నేను ఇంటికెళ్ళి నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. నాలుగేళ్ళ దుమ్ము దులిపాను. పడుగు చుట్టను భుజాన వేసుకుని ఉపకేంద్రానికి పోయి కొండలు చేతిలో పెట్టాను. వాడు రిజిస్టరులో ఎక్కించాడు.

సువార్త గారు చూసింది. ఆ పడుగు సంగతి ఆవిడకు ఒకసారి చెప్పాను.

"తాతా, ఇదెందుకిచ్చావ్? పాడైపోతుంది."

"వేణ్ణీళ్ళు పోసి చోటిస్తే విడిపోతాయన్నారుగా అమ్మాయిగారూ."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నా మొహంలో ఎప్పుడూ ఏమీ ఉండదు. సాయంత్రం ఇంటికి పోతూ, "రేపు పెద్ద కాగు నిండా నీళ్ళు మరగబెట్టించి పక్కింటి పెరట్లో ఉంచుతాను" అంది. "ఆవరణ బయటే. సర్క్యులరు మీరినట్టు కాదు."

మర్నాడు పదింటికి సెక్రటరీ గారు కారులో వచ్చారు. వీధిలో షామియానా, కుర్చీలు, శంకుస్థాపన రాయి, దాని మీద జరీ గుడ్డ. కారు, జీపు పక్కపక్కన.

సంకోచ మందిరంలో ఉత్తర్వులో రాసినట్టే అంతా చేశాను. అరవై గజాల పడుగును పది అడుగుల గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు, ఈ గోడ నుంచి ఆ గోడకు పద్దెనిమిది మడతలు వేసి బిగించాను. తగిన రద్దీ అంటే పన్నెండుగురని నిర్ణయించారు గనక మడతల మధ్య సందుల్లో అధికారుల్ని నిలబెట్టారు. సెక్రటరీ గారు దగ్గర్నుంచి తిలకించాలని గది నడిమధ్యన నిలబడ్డారు. లెక్క చూస్తే పదకొండుగురే తేలారు. లావుపాటి గుమాస్తాకు జ్వరం.

"ఒకరు తక్కువ" అన్నారు భీమశంకరం గారు. "రద్దీ చాలకపోతే ఫలితం రాదండి."

"మీరున్నారుగా డాక్టర్" అన్నారు సెక్రటరీ గారు.

"నేను పరిశీలకుణ్ణండి. పరిశీలకుడు వెలుపల..."

"వెలుపల్నుంచి ఏం కనబడుతుందయ్యా? రండి లోపలికి."

డాక్టరు గారు పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, ఎనిమిదో మడతకూ తొమ్మిదో మడతకూ మధ్య దూరారు. కొండలు తలుపులూ కిటికీలూ మూశాడు. నేను గంజి పెట్టాను. ఆ రోజు గంజి కొంచెం చిక్కగా వచ్చింది. ముసలితనం, చెయ్యి తప్పుతుంది. కుంచెతో దువ్వే చోటు ఎలాగూ లేదు. గంజి పట్టించి నేను బయటికొచ్చేశాను. నన్ను రద్దీలో లెక్కపెట్టలేదు.

డాక్టరు గారు లోపల ఉపన్యాసం మొదలెట్టారు. దీర్ఘాణువు పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. మేం గుమ్మం బయట నిలబడి విన్నాం. వేసవి, మూసిన గది, పన్నెండుగురి ఊపిరి. గంజి ఆరడానికి అంతకంటే ఏం కావాలి. ముప్పావు గంటకు "ఇంతటితో విరమిస్తూ నమస్కరిస్తున్నాను" అన్న మాట వినబడింది. ఆ వెంటనే గోల.

కొండలు తలుపు తీశాడు. డాక్టరు గారు నమస్కారం చెయ్యబోయినట్టున్నారు. ఆ చేతులతో పాటు తొమ్మిదో మడత లేచింది, దానితో పదో మడత, దానితో భీమశంకరం గారి కళ్ళజోడు. సెక్రటరీ గారి కుడిచెయ్యి డాక్టరు గారి కుడిచేతికి రెండు వందల పోగులతో అతుక్కుని ఉంది. అధికారుల మీసాలు, పెన్నులు, జేబురుమాళ్ళు, అన్నీ ఒకే చుట్ట. గంజి పెట్టిన చొక్కాలు రేకుల్లా బిగిసి నిలబడ్డాయి. మనుషులు కదిలినా అవి కదలడం లేదు.

"ఏమిటిది త్రివిక్రమరావ్?" అన్నారు సెక్రటరీ గారు.

"సంకోచమండి" అన్నారు డాక్టరు గారు. "అనుకున్నదానికంటే బాగా వచ్చింది."

అప్పాయమ్మ ఎక్కడి నుంచి తెచ్చిందో, చేతిలో పెద్ద కత్తెర. "జరగండి, జరగండి! ముందు ఆ పెద్దాయన్ని కోసి బయటికి లాగుదాం!"

మడతకొక్క కోత పడినా అరవై గజాల పడుగు మూరెడేసి ముక్కలవుతుంది.

నన్ను కాపాడింది భీమశంకరం గారు. కళ్ళజోడు లేకుండానే గర్జించారు. "ఆగమ్మా! అది పడుగు కాదు, ప్రయోగ సామగ్రి! రిజిస్టరులో ఎక్కింది! ధ్వంసం చెయ్యాలంటే కమిటీ తీర్మానం కావాలి!"

"కమిటీ ఎక్కడుంది?" అన్నారు సెక్రటరీ గారు.

"ఇక్కడే ఉందండి. ఏడో మడత నుంచి పన్నెండో మడత దాకా."

కమిటీ కూర్చోవాలంటే కూర్చునే వీల్లేదు. నిలబడి జరిపితే చెల్లుతుందా అని అయిదు నిమిషాలు చర్చించారు. చెల్లదన్నారు.

అప్పుడు సువార్త గారు గుమ్మంలోంచి చెప్పింది. "సార్, వేణ్ణీళ్ళు పోస్తే గంజి కరుగుతుంది. కాగు సిద్ధంగా ఉంది."

"పొయ్యండి మరి!"

"పద్నాలుగో నంబరు సర్క్యులరు ప్రకారం వేడినీళ్ళు సద్రావకం సార్. ఆవరణలోకి తేకూడదు." ఆవిడ గొంతులో నవ్వు లేదు. అందుకు ఆవిణ్ణి మెచ్చుకోవాలి.

భీమశంకరం గారు గోడకు నొక్కుకుపోయి ఉండి, ఉన్నచోటే రద్దు ఉత్తర్వు చెప్పారు, కొండలు రాశాడు. డాక్టరు గారు ఎడమచేత్తో సంతకం పెడతానన్నారు. ఎడమచేతి సంతకం నమూనాతో సరిపోదన్నారు భీమశంకరం గారు. కుడిచేత్తోనే పెట్టారు. దానికి సెక్రటరీ గారి చెయ్యి అతుక్కుని ఉంది గనక ఆయన చెయ్యి కూడా ఆ మెలికలన్నీ తిరిగింది.

కాగు లోపలికి వచ్చింది. దాని ముందు నేను అడ్డం నిలబడ్డాను.

"ఏమయ్యా?" అన్నారు సెక్రటరీ గారు.

"నీళ్ళు పొయ్యొచ్చండి. పోస్తే విడుస్తాయి. విడిచిన వెంటనే పడుగు చాపాలండి. లేకపోతే మళ్ళీ కరుచుకుంటాయి, ఈసారి తమరితో సహా."

నేను ఒక్కసారిగా అన్ని మాటలనడం ఊళ్ళో ఎవరూ వినలేదు.

"చాపండి! ఎంత చోటు కావాలి?"

"అరవై గజాలండి."

"ఎక్కడుంది?"

"వీధిలోనండి."

"అయితే వీధిలో చాపండి!"

"నిషేధించారండి. గోడ మీద కాగితం ఉంది. దానికి గంజి నేనే కాచాను."

ఎవరిదో మీసం పోగు నుంచి ఊడిన చప్పుడైంది.

"భీమశంకరం," అన్నారు సెక్రటరీ గారు నీరసంగా, "రాయించండి."

భీమశంకరం గారిది ముప్పై ఏళ్ళ సర్వీసు. ఏ ఉత్తర్వులోనూ సందు వదలరు. కళ్ళు మూసుకుని ఒక్క ఊపున చెప్పారు. "సంకోచించిన పడుగు తిరిగి వ్యాకోచించుటకు వీలుగా, ప్రతిదినము తెల్లవారుజాము నుండి ఎనిమిది గంటల వరకు ఈ వీధిని సమస్త వాహనములు, షామియానాలు, శిలాఫలకములు, ప్రహరీలు లేకుండా ఖాళీగా ఉంచవలెను. చేనేత కార్మికులు సదరు స్థలమును యథావిధిగా ఉపయోగించుకొనవచ్చును. పడుగు ఏ చిక్కును లేక సంపూర్ణముగా విడిపోయినదని ముప్పన భద్రయ్య ధ్రువీకరించు వరకు ఈ ఉత్తర్వు అమలులో నుండును."

ముప్పన భద్రయ్య అంటే నేనే. రెండు చేతులూ కలిసి సంతకం పెట్టాయి. డాక్టరు గారిదొక సగం, సెక్రటరీ గారిదొక సగం. అంతకంటే గట్టి సంతకం మా జిల్లాలో లేదంటారు.

అప్పుడు పక్కకు తప్పుకున్నాను. వేణ్ణీళ్ళు పోశారు. కారు, జీపు తీశారు. షామియానా విప్పారు. శంకుస్థాపన రాయిని నలుగురు మోసుకెళ్ళి జరీ గుడ్డతో సహా ఉపకేంద్రం పెరట్లో బోర్లించారు. వీధి వీధంతా వచ్చి తలో మడతా పట్టుకుంది. ఒక్కో అధికారి ఊడి వస్తుంటే అప్పాయమ్మ లెక్కపెట్టింది. డాక్టరు గారు చివర ఊడారు. రాగానే పక్కనున్న అరుగు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని, "కొంచెం టీ ఏమైనా దొరుకుతుందా అమ్మా" అన్నారు. అల్లం వేసి పెట్టి ఇచ్చింది అప్పాయమ్మ. ఆవిడ కోపం అంతవరకే.

సాయంత్రం దాకా తెగిన పోగులు అతికాం. నూట పన్నెండు. రెండు వేల పైచిలుకులో అది పెద్ద లెక్క కాదు.

మర్నాడు పొద్దున్నే మంచు ఉండగానే వీధిలో వెదుళ్ళు పాతి నా పడుగు మళ్ళీ చాపాను. పలచగా కాచిన గంజి పట్టించి కుంచెతో దువ్వాను. పక్కన అప్పాయమ్మ తన పడుగు చాపుకుంటోంది. ఎండ పొడ తగిలేసరికి పోగు పోగూ విడిపోయి, ఈ చివర్నుంచి ఆ చివరికి గీత గీసినట్టు నిలబడింది. అప్పుడే కొండలు కాగితం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"భద్రయ్య మావా, డాక్టరు గారు పంపారు. పడుగు విడిపోయిందని సంతకం పెడితే ఫైలు మూసేస్తారంట. విడిపోయిందా?"

పడుగు చివరికి నడిచాను. అంచున రెండు పోగులు వేళ్ళతో తీసి ముడి వేశాను.

"ఒక చిక్కు మిగిలింది" అన్నాను.

వాడు వెళ్ళాక గునపం, తట్ట తీసుకుని ఇంట్లోకి పోయి, మగ్గం గుంటలో ఇసక తవ్వడం మొదలెట్టాను.